గ్రూపులోకి కొత్తమ్మాయి వస్తే

సాహిత్య సభ అనగానే మన పెద్దవాళ్ళకి ఒక హాలు, మైకు, శాలువా, ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి గుర్తొస్తారు. మనకి మాత్రం సభ ఎక్కువగా ఫోనులోనే జరుగుతోంది. డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఒకటి, సీనియర్ అక్కలు చేర్చిన కథల గ్రూపు ఇంకొకటి, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఎవరో నడిపే పద్యాల గ్రూపు మరొకటి. పొద్దున్నే శుభోదయం బొమ్మలు, ఆ తర్వాత ఒక కవిత, దానికి పది చప్పట్లు, మధ్యాహ్నానికి ఛందస్సు మీద ఒక చిన్న యుద్ధం, రాత్రికి మళ్ళీ శుభరాత్రి. చూడ్డానికి కాలక్షేపంలా ఉంటుంది. కానీ చెన్నైలో ఉండి తెలుగు చదువుకునే మనలో చాలామందికి, క్లాసు అయిపోయాక తెలుగు పుస్తకాల గురించి మాట్లాడుకునే చోటు ఇదొక్కటే. బస్సులో పక్కన కూర్చున్న స్నేహితురాలితో చలం గురించి మాట్లాడదామంటే ఆమెకి తెలుగు రాదు. ఇంట్లో మాట్లాడదామంటే అమ్మకి తెలుగు వచ్చు గానీ చదవడం రాదు.

అందుకే ఈ గ్రూపుల్లోకి ఎవరొస్తున్నారు, వచ్చినవాళ్ళు ఎందుకు నిలబడటం లేదు అన్నది మనకి చిన్న విషయం కాదు. కొత్త బ్యాచ్ వస్తోంది. వాళ్ళని గ్రూపులో చేర్చే ముందే ఈ సంగతి గోడ మీద పెడితే బాగుంటుందనిపించింది.

కొత్తగా చేరినవాళ్ళు మొదటి మెసేజ్ పెట్టడానికి ఎంత ఆలోచిస్తారో పాతవాళ్ళకి గుర్తుండదు. మామూలుగా వాట్సాప్ గ్రూపులో చేరగానే అంతకుముందు జరిగిన మాటలు కనిపించవు. ఎవరు ఎవరికి గురువు, ఏ కవి పేరెత్తితే ఎవరికి కోపం, పోయిన నెల దేని మీద కొట్లాట అయింది, ఇవేవీ తెలియవు. పెళ్ళింట్లో పంక్తి సగం అయ్యాక లోపల అడుగు పెట్టినట్టు ఉంటుంది. అందరూ తింటున్నారు, అందరూ ఒకరికొకరు తెలుసు, మన విస్తరి ఎక్కడో తెలియదు. ఎవరో ఒకరు తలెత్తి "రామ్మా, ఇట్లా కూర్చో" అంటే తప్ప అడుగు ముందుకి పడదు.

హోసూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి అనుకుందాం. గ్రూపులో వచ్చిన కథని కూడబలుక్కుని చదివింది. "మా అవ్వ కూడా ఇట్లనే చెప్తుంది, నాకు శానా నచ్చింది" అని రాసింది. కాకపోతే ఆ తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసింది. ఆ తర్వాత జరిగేది నేను మూడేళ్ళుగా రకరకాల గ్రూపుల్లో చూస్తున్నదే. ఒకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి "దయచేసి తెలుగులో రాయగలరు" అంటారు. ఇంకొకరు "శానా"ని ఎత్తి చూపి నవ్వే ముఖాలు రెండు పెడతారు. ఇంకో పెద్దాయన తెలుగు తల్లి కన్నీరు కారుస్తోందని ఎప్పటిదో ఒక ఫార్వర్డు తెచ్చి అక్కడ పడేస్తారు. ఆయనకి ఆ అమ్మాయి మీద కోపమేమీ లేదు, ఆ ఫార్వర్డు ఎక్కడో ఒకచోట వాడాలి, అంతే. కథ గురించి ఆ అమ్మాయి చెప్పిన మాటకి మాత్రం ఒక్కరూ జవాబివ్వరు. నిజానికి ఆ రోజు ఆ కథ మీద వచ్చిన మంచి మాట అదే: కథలో ముసలామె మాట్లాడే పద్ధతి తన అవ్వ పద్ధతి అని.

రెండో మెసేజ్ రాదు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి గ్రూపులో ఉండదు. ఇంతకుముందు ఎవరైనా గ్రూపు వదిలితే ఫలానా నంబరు వెళ్ళిపోయిందని అందరికీ కనిపించేది. 2022లో వాట్సాప్ ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు ఎవరు వెళ్ళినా అడ్మిన్లకి మాత్రమే కబురు వెళ్తుంది. వెళ్ళేవాళ్ళకి ఇది మంచిదే, నలుగురి ముందు లేచి వెళ్ళే ఇబ్బంది తప్పింది. ఉన్నవాళ్ళకి మాత్రం తమ మాట వల్ల ఎవరు లేచిపోయారో పనిగట్టుకుని వెతికితే తప్ప తెలియదు. అందరూ ఉన్నారనే అనుకుంటాం. ఒక గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. వందల మంది ఉన్న గ్రూపులో రోజూ మాట్లాడేది చూస్తే మహా అయితే ఇరవై మంది. మిగతావాళ్ళు వింటున్నారా, మ్యూట్‌లో పెట్టారా, ఎవరికి తెలుసు?

ఆ అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో ఎందుకు రాసింది? బద్ధకమా? భాష మీద గౌరవం లేకనా? అటువైపు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి అలా అనిపించడంలో వింత లేదు, అక్కడ పరిస్థితి వేరు. మన సంగతి మనకి తెలియాలి. 2006లో తమిళనాడులో చేసిన చట్టం ప్రకారం బడుల్లో తమిళం తప్పనిసరి భాష అయింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా దాన్ని తెచ్చారు. ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ మాట్లాడను, అది కోర్టుల దాకా వెళ్ళిన పెద్ద విషయం. దాని ఫలితం మాత్రం మన బెంచీల మీదే ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, బడిలో తెలుగు అక్షరం చూడకుండా ప్లస్ టూ దాటి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది! డిగ్రీలో పార్ట్ వన్ కింద తెలుగు తీసుకుని, పద్దెనిమిదేళ్ళ వయసులో అ ఆలు దిద్దినవాళ్ళు ఈ గోడపత్రికకి రాస్తున్నారు. వాళ్ళు తెలుగుని వదిలేసినవాళ్ళు కారు. వదలడం తేలికైన చోట ఉండి కూడా వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు.

వత్తుల సంగతీ అంతే. "భాష" బదులు "బాష", "ధర్మం" బదులు "దర్మం", "కథ" బదులు "కత" అని రాస్తే ఎవరో ఒకరు వెంటనే పట్టుకుంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. త, థ, ద, ధ లకీ అంతే. పన్నెండేళ్ళు ఆ లిపిలో చదివిన చెయ్యి తెలుగు రాసేటప్పుడు నాలుగు అక్షరాల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. చెవికి తేడా తెలుస్తుంది, చేతికి ఇంకా అలవాటు కాలేదు. ఇది తెలివికి సంబంధించిన తప్పు కాదు, రెండు లిపుల మధ్య ఉండే తేడా. అన్నట్టు "కత" అనేది తప్పు కూడా కాదు. ప్రకృతి వికృతుల పట్టికలో కథకి వికృతి కత అనే కదా మనం బట్టీ పట్టింది!

మాండలికం విషయంలో జరిగేది చూస్తే నవ్వొస్తుంది. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు పులికాట్ సరస్సు చుట్టుపక్కల మాటతీరులో రాసిన పుస్తకం. అందులోని మాటలకి మురిసిపోయినవాళ్ళే, అలాంటి మాటతీరుతో ఒక అమ్మాయి గ్రూపులోకి వచ్చి "ఉండాది", "పోతా ఉండాను" అంటే ఇదేం తెలుగండీ అంటారు. పుస్తకంలో ఉంటే యాస సొగసు, మనిషి నోట ఉంటే మోటు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున, ఆగస్టు 29న, అందరి స్టేటస్‌లోనూ ఆయన బొమ్మే ఉంటుంది. ఆయన జీవితమంతా పోరాడింది జనం మాట్లాడే భాషని రాతలోకి రానివ్వండని. ఆయన చాలాకాలం పనిచేసిన పర్లాకిమిడి ఇవాళ ఒడిశాలో ఉంది, అంటే ఆయనా ఒక లెక్కన మనలాగా అంచు మీది మనిషే.

ఇంకో చిక్కు "నువ్వు", "మీరు" దగ్గర వస్తుంది. ఇది మర్యాదకి నేరుగా సంబంధించింది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. మన ఇళ్ళల్లో చాలా చోట్ల అమ్మని, అవ్వని, పెద్దమ్మని "నువ్వు" అనే పిలుస్తాం. అందులో అమర్యాద ఏమీ లేదు, "మీరు" అంటేనే ఏదో దూరం పెట్టినట్టు. ఆ అలవాటుతో ఒక అమ్మాయి గ్రూపులో పెద్దావిడని "అక్కా, నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు" అంటే, ఆమె మనసులో ఉన్నది చనువు. ఆవిడ ఫోనులో కనిపించేది ధిక్కారం. ఎదురుగా ఉంటే ముఖం చూసి, గొంతు విని ఆవిడ నవ్వి ఊరుకునేవారు. రాతలో ఆ వీలు లేదు.

రాతలో పోయేది గొంతే. తెలుగులో మర్యాద సగం గొంతులోనే ఉంటుంది. "అవునా" అనే ఒక్క మాటని ఆశ్చర్యంగా అనొచ్చు, ఒప్పుకుంటూ అనొచ్చు, ఎగతాళిగానూ అనొచ్చు. "సరేలే" అంటే ప్రేమగా ఊరుకోవడమో, విసుక్కోవడమో, అన్న మనిషిని బట్టి తెలుస్తుంది. ఫోను తెర మీద ఆ మూడూ ఒకేలా కనిపిస్తాయి. పరిచయం ఉన్నవాళ్ళు మన గొంతుని ఊహించుకుని చదువుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి మన గొంతు తెలియదు, కాబట్టి వాళ్ళు భయపడే గొంతునే ఊహించుకుంటారు. అందుకే పాత స్నేహితురాలితో ఆడే ఎకసెక్కం కొత్త మనిషితో కుదరదు. ఆ "అవునా" పక్కన ఇంకో వాక్యం చేర్చితే చాలు: "అవునా! ఇది నాకు తట్టలేదు, ఇంకొంచెం చెప్పు." ఐదు సెకన్ల పని.

మరి తప్పులు దిద్దకూడదా? తెలుగు డిపార్ట్‌మెంట్‌లో ఉండి ఆ మాట అంటే మేడమ్‌లు ఊరుకుంటారా! దిద్దాలి. భాష నేర్చుకోవడానికే వచ్చినవాళ్ళకి తప్పు చెప్పకపోవడం కూడా ఒకరకమైన నిర్లక్ష్యమే. ఎలా దిద్దుతున్నాం అన్నదే తేడా. ఒక అమ్మాయి "శ్రీశ్రీ మహాప్రస్తానం చదవడం మొదలుపెట్టాను" అని రాసిందనుకోండి. "అది ప్రస్తానం కాదు, ప్రస్థానం, ముందు పేరు సరిగ్గా రాయడం నేర్చుకో" అనేది ఒక పద్ధతి. "మహాప్రస్థానంలో ఏ కవిత దాకా వచ్చావు? 1950లో పుస్తకంగా వచ్చినా అందులో కవితలు ఎక్కువగా అంతకు చాలా ముందే రాసినవి, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదువు" అనేది ఇంకో పద్ధతి. రెండింట్లోనూ థ వత్తు కనిపించింది. రెండో దాంట్లో దానితోపాటు ఒక సంభాషణ కూడా మొదలైంది. చిన్నపిల్ల "నీల్లు" అంటే అమ్మ "నీళ్ళు కావాలా?" అని అడుగుతుందే, అదే ఇది. పిల్ల నేర్చుకుంటుంది, నీళ్ళూ దొరుకుతాయి.

తప్పుని విడిగా, పర్సనల్ మెసేజ్‌లో చెప్పాలని కొందరు అంటారు. మన క్లాసువాళ్ళ మధ్య అది బాగానే ఉంటుంది. బయటి గ్రూపుల్లో మాత్రం నేను ఒప్పుకోను. గ్రూపులో చేరితే మన ఫోను నంబరు అందరికీ కనిపిస్తుంది. ముఖం తెలియని ఒకాయన రాత్రి పదిన్నరకి "మీ కవితలో గణదోషం ఉందమ్మా" అని విడిగా మెసేజ్ పెడితే అది వ్యాకరణం కోసమేనా అని అనుమానపడాల్సిన గతి ఆడపిల్లలది. మర్నాడు శుభోదయం, ఆ తర్వాత "డీపీ మార్చారే"! ఇలా మొదలైన చోట మంచి కవితలు రాసేవాళ్ళు నోరు మూసుకుని బయటికి నడిచారు. కాబట్టి విడిగా మాట్లాడాలనుకుంటే ముందు గ్రూపులోనే అడగాలి, ఆమె సరే అంటేనే పంపాలి. ఇది ఏ గ్రూపుకైనా రాసిపెట్టుకోదగ్గ మొదటి నియమమని నా అభిప్రాయం.

పరిచయాల దగ్గర కూడా ఒక ముల్లు ఉంది. "ఇంటిపేరేమిటమ్మా?" "సొంతూరు ఏది?" "ఎవరి తాలూకు?" ఇవి అడిగేవాళ్ళు ఆప్యాయంగానే అడుగుతున్నామని అంటారు. ఆ ప్రశ్నల వెనక తెలుసుకోవాలనుకునేది ఏమిటో అడిగేవాళ్ళకీ తెలుసు, అడిగించుకునేవాళ్ళకీ తెలుసు. పైగా ఇక్కడ పుట్టిన మనకి ఇనిషియల్ అంటే నాన్న పేరు. ఇంటిపేరు రికార్డుల్లో ఉండదు, చాలామందికి అడిగి తెలుసుకుంటే తప్ప తెలియదు. సొంతూరు అంటే తాతల నాడు వదిలి వచ్చిన ఊరా, మనం పుట్టిన పెరంబూరా? కథ గురించి మాట్లాడటానికి వచ్చిన అమ్మాయిని మొదటి అడుగులోనే వంశవృక్షం అడిగితే, కథ పక్కకి పోతుంది.

ఇప్పుడు వాదాల సంగతి. మర్యాదగా ఉండాలంటే వాదించకూడదని కాదు. సాహిత్యం చదివేవాళ్ళు వాదించకపోతే ఇంకెవరు వాదిస్తారు? తిరుపతి వెంకట కవులకీ కొప్పరపు కవులకీ మధ్య నడిచిన పోట్లాటలు చెప్పి, మన పెద్దలే పద్యాల్లో తిట్టుకున్నారు, మీరెందుకు ఇంత సున్నితం అని అడిగేవాళ్ళు ఉంటారు. నాకు ఆ పోలిక సరిపోదనిపిస్తుంది. వాళ్ళు సమ ఉజ్జీలు. ఇద్దరికీ శిష్యులున్నారు, పోషకులున్నారు, ఎదుటివాళ్ళు ఒక పద్యం విసిరితే రెండు విసరగల శక్తి ఉంది. నిన్న గ్రూపులో చేరిన అమ్మాయి మీద ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాయన పద్యం విసిరితే దాన్ని సాహిత్య వాదం అనరు. అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఉంటాడు కదా, ఆయన పనే వేళాకోళం. కానీ ఆయన ఆటపట్టించేది ఎవర్ని? వేదిక మీద అందరికంటే గట్టివాడైన అవధానిని. సభలో వెనక వరసలో మొదటిసారి వచ్చి కూర్చున్న పిల్లని కాదు. మన పాత సభలకి ఆ ఇంగితం ఉంది.

వాదం ఎక్కడ చెడుతుందో చూడాలంటే ఏ గ్రూపులోనైనా చలం మైదానం ప్రస్తావన తెచ్చి చూడండి. రాజేశ్వరి భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళడం గురించి మొదటి పది మెసేజ్‌లు బాగానే ఉంటాయి. ఆమె కోరుకున్నది స్వేచ్ఛా, ఇంకో మగవాడి నీడా అని మంచి ప్రశ్నలే వస్తాయి. పదకొండో మెసేజ్‌లో ఎవరో "ఇలాంటిది నచ్చిందంటే నువ్వెలాంటిదానివో" అంటారు. అక్కడితో నవల అయిపోయింది, అమ్మాయి మొదలైంది. విశ్వనాథవారి రామాయణ కల్పవృక్షం, రంగనాయకమ్మ గారి రామాయణ విషవృక్షం, ఈ రెండింటి మధ్య కూడా ఇదే. ఒకటి నచ్చినవాళ్ళు ఛాందసులు, రెండోది నచ్చినవాళ్ళు ద్రోహులు. రెండూ చదివినవాళ్ళు మాత్రం ఎక్కడో మూల ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళకి మాట్లాడే సందు దొరకదు. నేను గమనించినంతలో, "నువ్వు", "మీలాంటివాళ్ళు" అనే మాటలతో వాక్యం మొదలైతే అది పుస్తకం గురించి కాదు. "ఆ పాత్ర", "ఆ పద్యం", "ఫలానా పేజీలో" అని మొదలైతే ఎంత ఘాటుగా ఉన్నా భరించొచ్చు.

అయితే మర్యాద అనే మాటకి ఇంకో వైపు కూడా ఉంది. దాన్ని ఆడవాళ్ళ నోరు మూయించడానికి వాడిన చరిత్ర మనది, అదీ సరిగ్గా మన ఊళ్ళోనే. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న కవయిత్రి. ఆమె కావ్యం రాధికాసాంత్వనము. బెంగళూరు నాగరత్నమ్మ, మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టి మద్రాసులో గాయనిగా పేరు తెచ్చుకున్నావిడ, అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని భాగాలు తీసేశారని గమనించారు. పూర్తి కావ్యాన్ని పరిష్కరించి 1910లో మద్రాసులో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించారు. కందుకూరి వీరేశలింగం గారు అప్పటికే తన కవుల చరిత్రలో ముద్దుపళనిని ఆమె కులవృత్తి పేరెత్తి తీసిపారేశారు. ఆ పద్యాలు ఆడవాళ్ళు వినదగినవి కావు, ఆడదాని నోట రాదగినవి అసలే కావన్నది ఆయన మాట. స్త్రీల చదువు కోసం అంత కష్టపడ్డాయన అన్న మాట ఇది!

నాగరత్నమ్మ తన పీఠికలో జవాబిచ్చారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగారు. మగ కవులు రాసిన ఇంతకంటే ముదురు శృంగారానికి ఆయనే ఆమోదం తెలిపారు కదా, మరి ఈ కావ్యం దగ్గరే అభ్యంతరం ఎందుకని అడిగారు. జవాబు చాలా పదునుగా ఉంటుంది. కానీ చూడండి, ఆవిడ ఆయన పుట్టుపూర్వోత్తరాల జోలికి పోలేదు. ఆయన పెట్టిన కొలబద్దనే తీసుకుని, ఇది అందరికీ ఒకేలా ఎందుకు వాడరని అడిగారు. ఆ తర్వాత కథ మీకు తెలిసే ఉంటుంది. ప్రభుత్వం 1911లో పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉన్నప్పుడు, అంటే ముప్పై ఏళ్ళు దాటాక, ఆ నిషేధం పోయింది.

అది అక్కడితో ఆగలేదు. 1980ల్లో, 90ల్లో స్త్రీవాద కవయిత్రులు తమ శరీరం గురించి, కాన్పు గురించి, వంటింటి గురించి రాస్తే "నీలి కవిత్వం" అని వెక్కిరించారు. 1993లో వచ్చిన స్త్రీవాద కవితల సంకలనం పేరు నీలిమేఘాలు. ఇవాళ అందులోని కవితలు మనకి పాఠాలు. కాబట్టి ఒక గ్రూపులో "కొంచెం సభ్యతగా రాయమ్మా" అని ఎవరైనా అంటే, వెంటనే తల ఊపకుండా ఒకసారి చూసుకోవాలి. ఆమె ఎవర్నైనా కించపరిచిందా? అలాగైతే చెప్పాల్సిందే. ఆమె కవితలో నెలసరి అనే మాట ఉందనా ఆ ఇబ్బంది? అప్పుడు సర్దుకోవాల్సింది కవిత కాదు.

అడ్మిన్‌ల గురించి ఎక్కువ చెప్పను. 2022 నుంచి గ్రూపులో ఎవరి మెసేజ్‌నైనా తీసేసే వీలు వాళ్ళకి ఉంది. దాన్ని ఎంత తక్కువ వాడితే అంత మంచి అడ్మిన్. తీసేస్తే ఎందుకు తీశారో ఒక్క ముక్క అందరికీ చెప్పాలి, లేకపోతే పుకార్లు మొదలవుతాయి. గొడవ ముదిరినప్పుడు గంటసేపు అడ్మిన్లే రాసేలా గ్రూపుని మార్చి పెట్టొచ్చు. ఆ గంటలో సగం కోపం దానంతటదే చల్లారుతుంది. అది మన ఇళ్ళల్లో అమ్మలకి ఎప్పటి నుంచో తెలిసిన విద్యే, "ముందు అన్నం తినండి, తర్వాత కొట్లాడుకుందురు" అని.

కొత్తవాళ్ళని పలకరించడం గురించి మాత్రం ఒక్కటి చెప్పాలి. "మీ పరిచయం చేసుకోండి" అంటే పేరు, ఊరు, చదువు రాసి ఊరుకుంటారు, అప్లికేషన్ ఫారం నింపినట్టు. దాని బదులు "ఈ మధ్య మీరు చదివిందో విన్నదో ఒకటి చెప్పండి" అని అడిగితే బాగుంటుంది. "విన్నదో" అన్న మాట అందులో తప్పకుండా ఉండాలి. పుస్తకం చదవలేని అమ్మాయి దగ్గర అవ్వ పాడే దంపుళ్ళ పాట ఉండొచ్చు, తిరుత్తణి వైపు పల్లెలో విన్న పొడుపుకథ ఉండొచ్చు. గ్రూపులో ముప్పై ఏళ్ళ నుంచి రాస్తున్నాయన దగ్గర అవి లేవు. ఎవరో ఒక సీనియర్ మొదటి వారం కొత్తమ్మాయి పెట్టిన ప్రతి మెసేజ్‌కీ జవాబిచ్చే పని తీసుకుంటే ఇంకా మంచిది. పొగడక్కర్లేదు, ఒక ప్రశ్న అడిగితే చాలు. జవాబు లేకుండా పడి ఉన్న మొదటి మెసేజ్ ఎంత బరువుగా ఉంటుందో, తిట్టు కూడా అంత ఉండదు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళ సంగతి మన డిపార్ట్‌మెంట్ గ్రూపులో ఇలా అనుకుంటున్నాం: మొదటి సెమిస్టరు అంతా ఏ లిపిలో రాసినా ఎవరూ ఏమీ అనరు. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం రానివాళ్ళకి లంచ్‌లో నేర్పిస్తాం, పది నిమిషాల పని. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే సౌకర్యం కూడా ఉంది. అది ఒక్కోసారి విడ్డూరంగా రాస్తుంది, ఆ నవ్వు అందరం కలిసి నవ్వొచ్చు. ఇంకా అక్షరాలు కూడబలుక్కునే దశలో ఉన్నవాళ్ళ కోసం వారానికి ఒక కథని ఎవరో ఒకరు చదివి వాయిస్ మెసేజ్‌గా పెడతారు. పది పన్నెండు నిమిషాలకి మించని కథలైతే బస్సులో వింటూ వెళ్ళొచ్చు.

మొదటి నెలకి ప్రళయకావేరి కథల్లోంచి నాలుగు అనుకున్నాం. పులికాట్, పొన్నేరి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళే చదివితే బాగుంటుంది, ఆ మాటతీరు మా నోట సరిగ్గా పలకదు. ఈ కాగితం కింద నాలుగు గీతలు గీసి ఉంచాం, వారానికి ఒకటి. చదవాలనుకునేవాళ్ళు పేరు రాయండి, ఏ లిపిలోనైనా సరే. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు.